పాత సామాను ఎత్తే సర్వీసులు: హైదరాబాద్ ఫ్లాట్లలో ఏళ్లుగా వాడాక

ఇంట్లో పనికిరాని సామాను బయటికి పోవడానికి మూడు దారులున్నాయి. పొద్దున్నే వచ్చే స్వచ్ఛ ఆటో తడి చెత్త, పొడి చెత్త తీసుకెళ్తుంది. దానికి పరుపు చూపిస్తే డ్రైవర్ ఒప్పుకోడు. కబాడీవాలా డబ్బులిచ్చి కొంటాడు, కానీ ఇనుము, రాగి, పేపర్లు, అట్టలు, గట్టి ప్లాస్టిక్ లాంటి తూకానికి విలువ ఉన్నవే. మిగిలేది అసలు తలనొప్పి: నీళ్లకు ఉబ్బిన కబోర్డు, కుంగిపోయిన సోఫా, కొబ్బరిపీచు పరుపు, థర్మకోల్, పగిలిన అద్దాలు. మనమే డబ్బిచ్చి బండినీ మనుషుల్నీ పిలిపించుకునే సర్వీసు అవసరమయ్యేది వీటికే. యాప్‌లో బుక్ చేసేవాళ్లు, టాటా ఏస్ చిన్న ట్రక్కు సొంతంగా పెట్టుకుని తిప్పేవాళ్లు, ప్యాకర్స్ పనితో పాటు ఇదీ చేసేవాళ్లు, ముగ్గురి పనీ చూశాను. నా తీర్పు: లిఫ్ట్‌లో పట్టని, కబాడీకి అక్కర్లేని సామాను గది నిండా ఉంటే డబ్బు పెట్టాల్సిందే. నాలుగు కుర్చీలు, ఒక టేబుల్ మాత్రమే అయితే అనవసరం. అవి బాగుంటే వాచ్‌మన్ కుటుంబమో, ఎర్రగడ్డ ఆదివారం సంతలో అమ్ముకునేవాళ్లో సంతోషంగా పట్టుకెళ్తారు.

ధర దగ్గరే చాలామంది లెక్క తప్పుతోంది. ఈ సర్వీసుల రేటు మన సామానులో ఎంత ఇనుము ఉందన్న దాని మీదే నడుస్తుంది. ఫోటోలు పంపగానే వాళ్లు ముందు చూసేది బీరువా, ఇనుప మంచం, వాషింగ్ మెషీన్, ఫ్రిజ్. వాటిని అమ్మితే వచ్చేది మనసులో తీసేసుకుని మిగతాదానికి రేటు చెబుతారు. మనం తెలివిగా అనుకుని ఇనుమంతా ముందే కబాడీకి అమ్మేస్తే మిగిలేది పరుపులు, ప్లైవుడ్డే. అప్పుడు రేటు పెరుగుతుంది, కొందరు రానే రారు. అందుకని రెండు రకాలుగానూ ధర అడగాలి: ఇనుముతో కలిపి ఎంత, ఇనుము లేకుండా ఎంత. ఆ తేడా కబాడీ ఇచ్చే డబ్బు కంటే ఎక్కువైతే అంతా కలిపి ఇచ్చేయడమే లాభం. పేపర్లు, రాగి తీగ, ఇత్తడి సామాను మాత్రం ఎప్పుడూ విడిగానే అమ్మాలి. చోటు తక్కువ తింటాయి, విలువ ఎక్కువ, వాటిని కలిపినందుకు రేటు తగ్గించినవాళ్లు నాకు కనబడలేదు.

'ఉచితంగా తీసుకెళ్తాం' అనేవాళ్లతో జాగ్రత్త. ముందు బీరువా దించుతారు, తర్వాత మంచం దించుతారు, ఆపైన బండి నిండిందని సోఫా, పరుపు మన గుమ్మంలోనే వదిలేస్తారు. దీనికి మందు ఒక్కటే: పరుపులు, ప్లైవుడ్ ముందు ఎక్కాలి, ఇనుము చివర ఎక్కాలి. ఈ వరస ఫోన్‌లోనే చెప్పేయండి. ఒప్పుకోకపోతే ఆ మనిషి ఎందుకొస్తున్నాడో మీకు అర్థమైపోయినట్టే.

కబాడీకి విడిగా అమ్మేటప్పుడు తూకం చూసుకోవడం తేలిక. 20 లీటర్ల నీళ్ల క్యాను మూతదాకా నింపి ముందు దాన్ని వేలాడదీయమనండి. క్యాను బరువు కలుపుకుని 20 కిలోల పైన కొద్దిగా చూపించాలి. 17, 18 చూపిస్తే ఆ కాటాతో బేరం వద్దు.

బండి విషయానికొస్తే, టాటా ఏస్ తొట్టి సుమారు ఏడడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు ఉంటుంది, మోసే బరువు 750 కిలోల దరిదాపు. సోఫాలు, పరుపులు చోటుతో నింపేస్తాయి, బరువుతో కాదు. పాత టైల్స్, గ్రానైట్ ముక్కలు, పుస్తకాలు దీనికి పూర్తిగా వ్యతిరేకం. రెండడుగుల టైల్స్ నాలుగున్న పెట్టె ఒక్కటే పాతిక కిలోలు దాటుతుంది. అలాంటివి ముప్ఫై పెట్టెలు పెడితే తొట్టి సగం ఖాళీగా కనిపిస్తూనే బండి మోయగల బరువు అయిపోతుంది. ఇది ముందే చెప్పకపోతే రెండో ట్రిప్పు డబ్బు మన నెత్తిన పడుతుంది. మూడు బెడ్‌రూముల ఇల్లు పూర్తిగా ఖాళీ చేయాలంటే డీసీఎం లాంటి పెద్ద బండి మాట్లాడటం మేలు. కాకపోతే పెద్ద బండ్లకు పగటిపూట నగరంలో ఆంక్షలుంటాయి, టైము వాళ్లనే అడిగి పెట్టుకోవాలి. సెల్లార్‌లో ఎక్కించే అలవాటున్న అపార్టుమెంట్లలో ఇంకో చిక్కుంది. ఖాళీ బండి ర్యాంపు దిగుతుంది, సామాను పైదాకా పేర్చి తాడు కట్టాక పైకొస్తుంటే బీముకో, నీళ్ల పైపుకో తగులుతుంది. గేటు బయటే లోడింగ్ పెట్టుకోండి.

లిఫ్ట్ లెక్క కూడా ముందే చూసుకోవాలి. ఆరుగురు పట్టే లిఫ్ట్ అంటే 408 కిలోలు, ఎనిమిది మందిదైతే 544. బరువు సమస్య కాదు, తలుపు సమస్య. ఆరున్నర అడుగుల బీరువాను నిలువుగా, పక్కకు తిప్పి తోస్తే దాని లోతు అడుగున్నరే కాబట్టి వెడల్పుకు పట్టేస్తుంది. ఎత్తులో మాత్రం వేలెడు సందు కూడా మిగలదు. పైపట్టీ లిఫ్ట్ తలుపు చట్రానికి రాసుకుంటుంది. టేపుతో కొలిచాకే తోయమనండి. మూడు సీట్ల సోఫా చిన్న లిఫ్ట్‌లో పట్టదు, మెట్ల మీదే దిగాలి. అంతస్తుకింత అని విడిగా అడిగేది దీనికే. లిఫ్ట్ గోడలకు అట్టలు కట్టడం వాళ్ల పనే. కానీ అట్టలు మన దగ్గర సిద్ధంగా ఉంటేనే ఆ పని జరుగుతుంది. సొసైటీ వాళ్లు గేట్ పాస్, లిఫ్ట్ డిపాజిట్ అడుగుతారు, ఆదివారం వద్దంటారు. ఈ మాటలన్నీ ముందురోజే తేల్చుకోండి.

మనుషుల పనితనం తెలిసేది కబోర్డు విప్పేటప్పుడే. రెడీమేడ్ కబోర్డులు పార్టికల్ బోర్డువి. పలకల లోపలి అంచున చిన్న గుండ్రటి బిళ్ల ఒకటి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో దాన్ని సగం చుట్టు తిప్పితే లోపలి బోల్టు వదిలేసి పలక చేతికొస్తుంది. ముందు తలుపులు, ఆపైన అరలు, ఆ తర్వాత వెనకాల పల్చటి రేకులాంటి బోర్డు, చివరికి పక్క పలకలు. ఇలా విప్పితే కబోర్డు మొత్తం ఒకదానిమీదొకటి పేర్చిన పలకల కట్ట అవుతుంది, బండిలో జానెడు ఎత్తు కూడా తినదు. పని తెలియనివాళ్లు నేరుగా సుత్తి అందుకుంటారు. బోర్డు పొడిపొడిగా రాలుతుంది, మేకులు బయటికి పొడుచుకుని ఉంటాయి, ఆ ముక్కలు అడ్డదిడ్డంగా పడి రెండింతల చోటు తింటాయి. ఆ చోటుకు డబ్బు కట్టేది మనమే. అందుకే ఫోన్‌లో నేను అడిగే మొదటి ప్రశ్న: డ్రిల్ స్క్రూడ్రైవర్ తెస్తారా? 'సుత్తి ఉంది సార్' అంటే ఇంకొకరిని చూస్తాను.

పరుపుల్లో నల్లులున్నాయన్న అనుమానం ఉంటే గదిలోనే పెద్ద పాలిథిన్‌లో చుట్టి టేపు వేయాలి. హాల్లోంచి ఈడ్చుకెళ్తే దారి పొడుగునా రాలతాయి. దూది పరుపైతే అసలు పారేయక్కర్లేదు. దూది ఏకించి కొత్త గుడ్డ వేయిస్తే ఇంకా చాలాకాలం నడుస్తుంది.

ఫ్రిజ్ ముందురోజు రాత్రే ఆపి, ఐసు కరిగి నీళ్లు పోయేదాకా తలుపు తెరిచి ఉంచాలి. దించేటప్పుడు తలుపు తాడుతో కట్టి, నిలువుగానే దించాలి. కొంతమంది బండి ఎక్కించకముందే కిందే కంప్రెసర్ కోసేస్తారు, రాగి, ఇనుము విడిగా అమ్ముకోవడానికి. ఒప్పుకోకండి. గ్యాసు గాలిలో కలుస్తుంది, నూనె నేల మీద కారుతుంది. ఈ కాలపు ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండే ఆర్-600ఏ గ్యాసు మండే రకం, పక్కన అగ్గిపుల్ల గీస్తే చాలు. స్ప్లిట్ ఏసీ అయితే ముందు మెకానిక్‌ను పిలిచి గ్యాసు బయటి యూనిట్‌లోకి లాగించి వాల్వులు మూయించాకే పైపులు విప్పించాలి. టీవీ, ఫ్రిజ్, ఏసీ, కంప్యూటర్ లాంటివి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఇ-వ్యర్థాల నిబంధనల కింద నమోదైన రీసైక్లర్‌కే చేరాలి. ఏ రీసైక్లర్‌కు ఇస్తారో పేరు చెప్పమనండి, రసీదు అడగండి. నా అనుభవంలో ఈ ప్రశ్నకు సూటిగా జవాబిచ్చినవాళ్లు తక్కువ. ఈ సర్వీసులన్నిటిలో నాకు నచ్చని అంశం ఇదే. జవాబు రాకపోతే కొత్తది కొనేటప్పుడు షాపులో ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చేయడమే నయం. ఇన్వర్టర్ బ్యాటరీ సంగతీ అంతే. 150 ఏహెచ్ బ్యాటరీ యాభై కిలోల పైనే ఉంటుంది, పక్కకు వాలితే యాసిడ్ కారి మార్బుల్ మీద పోని మచ్చ పడుతుంది. పాతదానికి బ్యాటరీ షాపువాళ్లు విలువ కడతారు, ఈ బండికి ఎక్కించొద్దు.

గ్యాస్ సిలిండర్ ఏజెన్సీకే వెళ్లాలి. పాత రకం ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది కాబట్టి పగలకుండా అట్టలో చుట్టి, మిగిలిన పెయింటు, థిన్నర్, గడువు తీరిన మందులతో పాటు విడిగా ఉంచాలి. బాత్రూం పగలగొట్టిన సిమెంటు పెళ్లలు, ఇటుకలు అసలు ఈ బండివి కావు. వాటికి జీడిమెట్ల, ఫతుల్లాగూడ లాంటి చోట్ల వేరే ప్లాంట్లున్నాయి, మున్సిపల్ కార్పొరేషన్ ద్వారా పంపాలి.

సామాను చివరికి ఎక్కడ దిగుతుందో అడగడం ఒక్క ఇ-వ్యర్థాలకే కాదు. తక్కువ రేటు చెప్పే కొందరు పనికొచ్చేవి ఏరుకుని, మిగతాది రాత్రిపూట నాలా పక్కనో, ఖాళీ ప్లాటులోనో దింపేస్తారు. ఆ కుప్పలో మన అడ్రసున్న కవరో కరెంటు బిల్లో దొరికితే ముందు అడిగేది మననే. పుస్తకాలు, ఫైళ్లు, డ్రాయర్లు చివరి కాగితం దాకా చూశాకే ఇవ్వాలి. కొన్ని బీరువాల్లో లాకర్ లోపల రహస్య అర ఉంటుంది, చెయ్యి పెట్టి తడిమి చూడండి. ఫోన్లు రీసెట్ చేయాలి, కంప్యూటర్‌లో హార్డ్‌డిస్క్ తీసి ఉంచుకోవాలి.

బుకింగ్ టైము కూడా ధరను మారుస్తుంది. నెలాఖరు, దసరా ముందు, సంక్రాంతి ముందు, శ్రావణంలో గృహప్రవేశాల రోజుల్లో బండ్లు దొరకవు, దొరికినా మాట వినరు. ఆషాఢంలో పిలిస్తే బేరం కుదురుతుంది, మనుషులు తీరిగ్గా విప్పుతారు. భోగి మంటల్లో వేసేద్దామని పాత సామాను దాచిపెట్టేవాళ్లకు ఒక మాట: అచ్చమైన కట్టెతో చేసిన మంచం కోడు వేరు, మైకా అతికించిన ప్లైవుడ్, రెక్సిన్, ఫోమ్ వేరు. రెండో రకం కాలిస్తే వచ్చే పొగ పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

బండి కదిలే ముందు కబోర్డు నిలబడిన గోడను టార్చి వేసి చూడండి. మట్టి గీతలు సన్నగా పైకి పాకి ఉంటే అవి చెదల దారులు. విప్పిన పలకల వెనకవైపూ అవే గీతలుంటే ఆ పలకలను ఇంకో గదిలో ఆనించి పెట్టొద్దు, నేరుగా బండికే ఎక్కించాలి. ఆ గోడకూ, కింద స్కర్టింగ్ సందులకూ చెదల మందు కొట్టించి, బాగా ఆరనిచ్చాకే కొత్త కబోర్డు తెప్పించుకోండి.