గుండె, కిడ్నీ రెండూ దెబ్బతిన్నవారికి సీఏపీడీ బ్యాగు: ఉద్దానం ఇళ్లలో ఎలా పనిచేస్తుంది

గుండె బలహీనపడితే కిడ్నీకి రక్తం చాలదు. కిడ్నీ నీరు వదలకపోతే ఆ భారం మళ్లీ గుండె మీదే. ఇలాంటి రోగికి డయాలసిస్ మిషన్ మీద నాలుగు గంటల్లో రెండు మూడు లీటర్లు లాగితే బీపీ పడిపోవచ్చు. సీఏపీడీ అంటే మిషన్ లేకుండా, పొట్టలోకి ట్యూబు ద్వారా ద్రావణం పోసి తీస్తూ ఇంట్లోనే చేసుకునే డయాలసిస్. దాని ట్విన్ బ్యాగు (ద్రావణం సంచి, ఖాళీ సంచి జంట) అదే నీటిని రోజంతా నెమ్మదిగా లాగుతుంది. చేతికి ఫిస్టులా (మిషన్ కోసం ధమనిని, సిరను కలిపే ఆపరేషన్) అక్కర్లేదు కనుక గుండెకు ఆ అదనపు శ్రమా తప్పుతుంది. మాకు నచ్చింది ముందుగా ఇదే.

తర్వాతది కరెంటు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస, మందస వైపు కరెంటు లేక పడ్డ అవస్థ అందరికీ తెలుసు. మిషన్‌కు ఒక్క విడతకే సుమారు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు కావాలి. ఈ బ్యాగుకు స్టాండు, శుభ్రమైన చేతులు చాలు.

ఫ్యాను ఆపి, మాస్కు కట్టుకుని, చేతులు సబ్బుతో కడిగి ఆరనివ్వాలి. బ్యాగును పొడి వేడితోనే ఒంటి వేడికి తేవాలి, వేడినీళ్లలో ముంచకూడదు. పాత ద్రావణం దించడానికి 20 నిమిషాలు. ఆ తర్వాత కొత్త ద్రావణాన్ని ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా ఖాళీ సంచిలోకి వదిలి, అప్పుడే పొట్టలోకి 2 లీటర్లు ఎక్కించాలి. ఇది మరిస్తే గాలి లోపలికి పోయి భుజం నొప్పి పుడుతుంది.

ద్రావణం దిగడం మందగిస్తే చాలాసార్లు కారణం మలబద్ధకమే. దిగిన నీరు మబ్బుగా ఉంటే ఇన్‌ఫెక్షన్ అనుకోవాలి. ఆ సంచిని పారేయకుండా అదే రోజు ఆసుపత్రికి పట్టుకెళ్లాలి.

1.5, 2.5, 4.25 శాతం డెక్స్‌ట్రోజు (చక్కెర) ఉన్న బ్యాగుల్లో చివరిది ఎక్కువ నీరు లాగుతుంది. కాళ్ల వాపు తగ్గుతోంది కదా అని సొంతంగా వాడితే ఒంట్లో నీరు మరీ తగ్గి, మిగిలిన మూత్రమూ పోవచ్చు, షుగరూ పెరుగుతుంది. ఆ చక్కెరకు బదులు ఐకోడెక్‌స్ట్రిన్ అనే పిండిపదార్థం ఉన్న బ్యాగు వాడే షుగరు రోగికి కొన్ని గ్లూకోమీటర్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. దాన్ని నమ్మి ఇన్సులిన్ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. స్ట్రిప్పు సరిపడుతుందో లేదో ముందే అడగండి.

పెద్ద ఇబ్బంది చోటు. రోజుకు మూడంటే నెలకు 90 బ్యాగులు, 180 కిలోల పైమాటే. ఎండకు కాగే రేకుల కింద పెట్టొద్దు. హెర్నియా ఉన్నా, పొట్టకు పెద్ద ఆపరేషన్లు జరిగి ఉన్నా ట్యూబు వేయించుకునే ముందే డాక్టరుకు చెప్పాలి.