పాత ఇత్తడి స్టవ్ పక్కన ఒపినెల్ నంబర్ 8 చాకు

పంపు స్టవ్, పెట్రోమాక్స్ లైటు లాంటి పాత సరంజామా పక్కన ఏ మడత చాకు బాగుంటుందంటే నా ఓటు ఒపినెల్ నంబర్ 8కే, అదీ కార్బన్ స్టీల్‌దానికే. ఫ్రాన్స్‌లోని సవోయ్‌లో 1890లో పుట్టిన రకం. 8.5 సెంటీమీటర్ల బ్లేడు, బీచ్ చెక్క పిడి, బ్లేడు కదలకుండా తిప్పి బిగించే రింగు. ఆ రింగు 1955లో చేరింది.

అంతర్వేది దగ్గర వశిష్ఠ ఒడ్డున మకాం వేస్తే అల్లం, పచ్చిమిర్చి, మామిడికాయ అన్నీ దీంతోనే. బ్లేడు పల్చన కాబట్టి ఉల్లిపాయ చితక్కుండా తెగుతుంది.

చిక్కల్లా మన కోనసీమ తేమతోనే. చెక్క ఉబ్బి బ్లేడు లోపలే బిగుసుకుపోతుంది. రింగు వదులు చేసి, పిడి వెనక కొసని రాతి మీద తడితే ముందుకొస్తుంది. పిడి సందులో రెండు చుక్కలు కొబ్బరినూనె వేస్తే మేలు. పులుపు తగిలాక వెంటనే తుడవకపోతే, ఈ ఉప్పుగాలికి తెల్లారేసరికి తుప్పే. అంత ఓపిక లేనివాళ్లు స్టెయిన్‌లెస్ రకం తీసుకోండి. నాకు మాత్రం మామిడి పులుపుకి నల్లబడిన బ్లేడు, తోమిన ఇత్తడి ట్యాంకు పక్కపక్కన ఉంటే ఎంత ముచ్చటో!

కొబ్బరిబోండాం జోలికి మాత్రం దీన్ని తీసుకెళ్లొద్దు. మొన్న మా బావ చేతిలోంచి లాక్కున్నాను.