రాత్రిపూట డాక్టరే ఫోన్ ఎత్తే పెట్ హాస్పిటల్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

ఏసీ హాలు, డిజిటల్ ఎక్స్‌రే, ల్యాబ్, ఆక్సిజన్... విజయవాడలో ఏ పెద్ద పెట్ హాస్పిటల్ బోర్డు చూసినా ఇవన్నీ ఉంటాయి కాబట్టి వాటి గురించి రాయను. నేను రాసేది ఒక్క ఫోన్ గురించి. మేం వెళ్లే 24 గంటల హాస్పిటల్లో రాత్రిపూట ఆ ఫోన్ డ్యూటీ డాక్టరే ఎత్తేవారు. ఎత్తి, "తీసుకురండి" అని పెట్టేయకుండా ప్రశ్నలు అడిగేవారు. మా కుక్క చిట్టి ఈ రోజు బతికి ఉందంటే ఆ ప్రశ్నల వల్లేనని నా గట్టి నమ్మకం.

మాది ఉండవల్లి వైపు. ఇంటి వెనక అరటి తోట, దాని పక్కన కూరగాయల మళ్లు. వానలు మొదలైతే పాములు గట్ల మీదికి వచ్చేస్తాయి. చిట్టి నాటు కుక్క, 16 కిలోల బరువు. ఎక్కడ చప్పుడైనా వెళ్లి మూతి పెట్టి చూడాల్సిందే. ఒక జూలై రాత్రి ఒంటిగంట దాటాక తోట వైపు నుంచి కీచుమని అరిచి ఇంట్లోకి పరిగెత్తుకొచ్చింది. ముక్కు పక్కన నెత్తురు చుక్కలు. మేం చూస్తుండగానే మూతి ఒక పక్క ఉబ్బిపోతోంది. మా ఆయన టార్చి వేసి చూస్తే గట్టు పక్కన రక్తపింజరి. ఒంటి మీద ఆ గొలుసు మచ్చలు, ఆ బుస, ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు వేరే పాము అనుకునే అవకాశం లేదు.

ముందు ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి ఫోన్ చేశాం. బోర్డు మీద 24 గంటలు అనే ఉంది. వాచ్‌మన్ ఎత్తి, డాక్టరుగారు పొద్దున వస్తారని చెప్పాడు. ఆ తర్వాత చేసింది ఈ హాస్పిటల్‌కి. అంతకుముందు టీకాలకి తప్ప అక్కడికి వెళ్లింది లేదు.

రెండో రింగుకే ఒక డాక్టరమ్మ ఎత్తారు. నేను కంగారులో ఏదేదో చెబుతుంటే ఆపి, "అమ్మా, ముందు మెడ పట్టీ తీసేయండి. తీశాక మాట్లాడదాం" అన్నారు. వాపు మూతి నుంచి గొంతు వైపు దిగితే పట్టీ బిగుసుకుని ఊపిరాడదట. ఆ మాట ఆవిడ చెప్పకపోతే మా ఇంట్లో ఎవరికీ తట్టేది కాదు. తర్వాత ఒక్కొక్కటే అడిగారు. కరిచి ఎంతసేపయింది? పామును చూశారా? కుక్క నిలబడుతోందా, తూలుతోందా? పెదవి పైకెత్తి చూడండి, చిగుళ్లు గులాబీ రంగులో ఉన్నాయా, పాలిపోయాయా? చిగురు మీద వేలితో నొక్కి వదిలితే రంగు వెంటనే వస్తోందా? బరువెంత? మీరు ఎక్కడున్నారు, బండి ఉందా?

ఆ తర్వాత చేయకూడనివి చెప్పారు. తాడు కట్టొద్దు, కోయొద్దు, ఐస్ పెట్టొద్దు, పసరు పూయొద్దు. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలేవీ వేయొద్దు, ఈ విషం ఎలాగూ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, కిడ్నీలను దెబ్బతీస్తుంది, ఆ మాత్రలు తోడైతే ఇంకా ప్రమాదం. పాముని చంపడానికి వెళ్లొద్దు, మీకు కాటు పడితే నేనేం చేయలేను. కుక్కని నడిపించకుండా ఎత్తుకుని బండెక్కించండి.

చివరగా చెప్పిన మాట నాకు అన్నిటికంటే విలువైనది. "మా దగ్గర యాంటీవీనమ్, అంటే పాము విషానికి విరుగుడు మందు, ఉంది. కానీ మొదటి డోసుకి సరిపడా మాత్రమే ఉంది. ఇంకా కావాల్సి వస్తే బయట మెడికల్ షాపులో తేవాలి. మీరు దారిలో ఉండగానే నేను కనుక్కుంటాను. ఖర్చు కూడా ఎక్కువే అవుతుంది, ముందే చెబుతున్నాను." ఉంది, లేదు అని ఒక్క ముక్కలో తేల్చకుండా ఎంత ఉందో, దేనికి చాలుతుందో, మిగతాది ఎక్కడ దొరుకుతుందో రాత్రి ఒంటిగంటకి తెలియని మనిషికి వివరంగా చెప్పే చోటు నేను అంతకుముందు చూడలేదు.

ప్రకాశం బ్యారేజీ దాటి వెళ్లేసరికి బల్ల మీద అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ముందు కాస్త రక్తం తీసి శుభ్రమైన గాజు గొట్టంలో పోసి, కదపకుండా నిలబెట్టి, 20 నిమిషాలు అలారం పెట్టారు. గొట్టం వంచినప్పుడు రక్తం గడ్డగా ఉండాలి. చిట్టి రక్తం నీళ్లలా జారింది. మనుషుల ఆసుపత్రుల్లో కూడా పింజరి కాటుకి చేసే పరీక్ష ఇదేనట. ఏ మెషీనూ అక్కర్లేదు, గాజు గొట్టం, గడియారం ఉంటే చాలు. ఎక్కించే మందు కూడా మనుషులకిచ్చేదే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ కలిపి ఒకటే. గుర్రాల రక్తం నుంచి తీస్తారు కాబట్టి రియాక్షన్ రావచ్చని అడ్రినలిన్ సిరంజిలోకి తీసి పక్కన పెట్టుకుని, అప్పుడు మొదలుపెట్టారు. ఇంత చిన్న కుక్కకి అంత మందా అని మా ఆయన అడిగితే, "పాము కుక్క సైజు చూసి కరవదండీ. ఎంత విషం దింపిందో దానికి సరిపడా మందు ఎక్కించాలి" అన్నారు.

కొన్ని గంటల తర్వాత మళ్లీ గొట్టం పరీక్ష చేస్తే ఇంకా గడ్డకట్టలేదు. రెండో డోసు వయల్స్ బెంజ్ సర్కిల్ దగ్గరి మెడికల్ షాపు నుంచి మా ఆయన తెచ్చారు. ఏ షాపులో స్టాక్ ఉందో డాక్టరమ్మ అప్పటికే కనుక్కుని ఉంచారు, లేకపోతే ఆ వేళప్పుడు ఊరంతా తిరగాల్సి వచ్చేది. తెల్లవారాక చేసిన పరీక్షలో గడ్డకట్టింది. మూత్రం రంగు చూడటం, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్షలు ఆ వారమంతా నడిచాయి. బిల్లు మొత్తం 30 వేలు దాటింది.

ఆ రోజు నుంచి తెలిసిన ప్రతి ఒక్కరికీ ఆ నంబరు ఇచ్చాను. తర్వాత మేం ఆ ఫోన్‌ని చాలాసార్లు వాడాం. మా మగపిల్లి పండు ఒక రాత్రి ఇసుక డబ్బాలో కూర్చుని ముక్కుతూ ఏడుస్తుంటే మలబద్ధకం అనుకున్నాం. ఫోన్‌లో మొదట అడిగిన ప్రశ్న, "మూత్రం చివరిసారి ఎప్పుడు పోసింది?" మగపిల్లికి మూత్రం ఆగిపోతే పొద్దుటిదాకా ఆగకూడదు, ఒంట్లో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది, ఇప్పుడే రండి అన్నారు. వెళ్లాం, గొట్టం వేసి తీశారు. ఇంకోసారి చిట్టి పెళ్లింటి ఎంగిలాకులు తిని వాంతులు చేసుకుంటే, కడుపు ఉబ్బిందా, వాంతి రాకుండా ఊరికే డోకుతోందా, వాంతిలో రక్తం ఉందా అని అడిగి, ఏదీ లేదంటే, "ఈ రాత్రికి రావాల్సిన అవసరం లేదు. తిండి పెట్టకండి, నీళ్లు కొంచెం కొంచెం ఇవ్వండి. కడుపు ఉబ్బినా, నీరసపడిపోయినా వెంటనే రండి" అన్నారు. ఎమర్జెన్సీ ఫీజు వచ్చే కేసుని రావొద్దని చెప్పడానికి నిజాయితీ ఉండాలి. అందుకే ఆ హాస్పిటల్ మీద నాకు అంత నమ్మకం కుదిరింది.

అయితే ఇప్పుడు ఎవరైనా అడిగితే అప్పట్లోలా కళ్లు మూసుకుని నంబరు ఇవ్వడం లేదు.

ఆ డాక్టరమ్మ పై చదువుకి వెళ్లిపోయారు. ఏడాదిగా రాత్రిపూట ఫోన్ ముందు రిసెప్షన్ ఎత్తుతోంది. ఏం చెప్పినా, "తీసుకురండి మేడం, డాక్టర్ చూస్తారు" అనే మాటే. డాక్టర్‌తో మాట్లాడతానని పట్టుబడితే ఇస్తారు, ఇవ్వరని కాదు. కానీ పట్టుబట్టాలని తెలిసినవాళ్లే అడుగుతారు. నా మాట విని మంగళగిరి నుంచి మా కొలీగ్ ఫోన్ చేస్తే చాలాసేపు ఎవరూ ఎత్తలేదు. అది దీపావళి రాత్రి, బాణసంచాకి బెదిరి పారిపోయినవి, కాలినవి వరసగా వస్తుంటాయి, ఒక్క డాక్టరు బల్ల దగ్గర ఉండాలా ఫోన్ దగ్గర ఉండాలా అంటే బల్ల దగ్గరే ఉండాలి. నాకు అర్థమవుతుంది. కానీ ఆ అమ్మాయి కుక్కపిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, ఆమెకి ఈ సమాధానం ఎందుకు పనికొస్తుంది?

ఫోన్‌లో చెప్పేదానికి హద్దు ఉంటుందని ఇంకో సంగతితో తెలిసింది. చిట్టికి జ్వరం, తిండి మానేసింది. రాత్రి ఫోన్ చేస్తే కొత్త డాక్టరు, జ్వరమే కదా, పొద్దున తీసుకురండి అన్నారు. చిగుళ్ల గురించి అడగలేదు. పొద్దున పరీక్ష చేస్తే పిడుదుల వల్ల వచ్చే జ్వరం, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి, చిగుళ్లు తెల్లగా ఉన్నాయి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కోర్సుతో తేరుకుంది. ఒక్క రాత్రిలో పెద్ద తేడా ఏమీ వచ్చేది కాదని వాళ్లే చెప్పారు, అది నిజమే కావచ్చు. అయినా అదే ఫోన్, అదే హాస్పిటల్, అడిగే మనిషి మారితే ప్రశ్నలు మారిపోతున్నాయి. ఆ డాక్టరమ్మ అడిగిన ప్రశ్నల్ని ఒక కాగితం మీద రాసి ఫోన్ పక్కన అంటిస్తే ఈ ఇబ్బంది ఉండదు. ఈ మాట వాళ్లకి చెప్పాను కూడా. చూస్తామన్నారు.

2024 సెప్టెంబరు వరదల సంగతి వేరే. బుడమేరు ఊళ్లో పడి సింగ్‌నగర్ మునిగింది, కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వచ్చింది, బ్యారేజీ మీద రాకపోకలు లేవు. ఆ రోజుల్లో ఫోన్ కలిసినా మేం ఎప్పుడూ వెళ్లే దారిలో అటు దాటలేం. దానికి ఎవరినీ తప్పుపట్టను. కాకపోతే నదికి ఇవతల, గుంటూరు వైపు ఇంకో చోటు చూసి పెట్టుకోవాలని అప్పుడు గట్టిగా అనిపించింది, పెట్టుకున్నాం. పగటిపూట స్కానింగ్ లాంటివాటికి గన్నవరం పశువైద్య కళాశాలకి వెళ్తాం, అక్కడ ఖర్చు తక్కువ. 1962కి ఫోన్ చేస్తే వచ్చే ప్రభుత్వ బండ్లు కూడా ఉన్నాయి కదా అంటారు. అవి ఎక్కువగా పాడి పశువుల కోసం ఊళ్లకి వచ్చేవి. మా ఊళ్లో గేదెలున్న వాళ్లకి వాటి వల్ల చాలా మేలు జరిగింది, అర్ధరాత్రి కుక్కకి పాము కరిస్తే మాత్రం నేను వాటి మీద ఆధారపడను.

మరి వెళ్లొచ్చా అంటే, మాకైతే సరిపోతుంది. కారు ఉంది. రాత్రి బ్యారేజీ ఖాళీగా ఉంటే 20 నిమిషాల్లో అక్కడుంటాం. ఇంట్లో ఇద్దరం ఉంటాం కాబట్టి ఒకరు బండి నడిపితే ఒకరు కుక్కని పట్టుకోవచ్చు. 30 వేల బిల్లు మాకు భారమే, కానీ కార్డు మీద గీకి తర్వాత కట్టుకోగలిగాం. పెద్ద కుక్క ఉండి, బైకు మాత్రమే ఉండి, తుళ్లూరు అవతల ఉన్నవాళ్లకి ఇదే హాస్పిటల్ మంచిదని నేను చెప్పలేను. వాళ్లకి దగ్గర్లో రాత్రి తలుపు తీసే డాక్టరు ఒక్కరు ఉంటే అదే మేలు.

వెళ్లాలనుకుంటే మాత్రం అవసరం పడకముందే ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసి చూడండి. ఎవరు ఎత్తుతున్నారో, డాక్టరు హాస్పిటల్లోనే ఉంటారో ఇంటి నుంచి రావాలో, యాంటీవీనమ్ ఇప్పుడు స్టాక్‌లో ఉందో లేదో అడగండి. మొన్న తొలకరి పడగానే నేను అడిగాను. రిసెప్షన్ అబ్బాయి లోపలికి వెళ్లి ఫ్రిజ్ చూసి వచ్చి, ఉన్నాయి మేడం, ఒక డోసుకి సరిపోతాయి అన్నాడు. రెండో డోసుకి బెంజ్ సర్కిల్ షాపు నంబరు నా దగ్గర ఉంది.