ఏడేళ్లు ఈ-రీడర్‌లో చదివాక

ఇప్పుడు నా చేతిలో ఉన్నది రెండో ఈ-రీడర్, అంటే పుస్తకాలు చదవడానికే చేసిన చిన్న పరికరం. మొదటిది నాలుగేళ్లు పనిచేసి తెర పగిలి పోయింది, ఆ సంగతి తర్వాత చెబుతాను. ఈ రెండోదానికి మూడేళ్లు నిండాయి. రెండూ ఆరంగుళాల తెరవే, నలుపు తెలుపువే. కొన్న వారానికే రాసే సమీక్షలు బోలెడు దొరుకుతాయి. ఏళ్ల తరబడి చదివితే తప్ప తెలియనివి కొన్నుంటాయి, అవి రాద్దామనిపించింది.

ముందే నా మాట చెప్పేస్తాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వరసగా చదువుకుంటూ పోయే పుస్తకానికి దీన్ని మించింది లేదు. వెనక్కీ ముందుకీ తిరగేస్తూ చదవాల్సిన పుస్తకాన్ని మాత్రం ఇందులో చదవడం నరకం. నవలలు, కథలు, ఆత్మకథలు ఎక్కువగా చదివేవాళ్లు కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు. పాఠ్యపుస్తకాలు, పటాలు, పట్టికలు ఉన్నవి చదివేవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.

తెర సంగతికి వస్తే, ఫోన్ తెర తన వెలుగును తిన్నగా మన కంట్లోకి పంపుతుంది. ఈ-ఇంక్ తెర అలా కాదు, కాగితం లాగే పైన పడిన వెలుగును తిప్పి పంపుతుంది. దాని లోపల వెంట్రుక మందాన ఉండే గుళికలు లక్షల్లో ఉంటాయి. ఒక్కో గుళికలో తెల్ల రేణువులూ నల్ల రేణువులూ వ్యతిరేక విద్యుదావేశంతో తేలుతుంటాయి. ఇటు కరెంటు ఇస్తే తెల్లవి పైకి వస్తాయి, అటు ఇస్తే నల్లవి. ఒకసారి పైకి వచ్చాక కరెంటు తీసేసినా అక్కడే ఉండిపోతాయి. పేజీ మారేటప్పుడు తప్ప తెరకు కరెంటు అక్కర్లేదు కాబట్టే ఛార్జింగ్ వారాల తరబడి వస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చుని చదివితే అక్షరం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఫోన్‌తో అలవాటైన కంటికి మొదటి రోజు అది నమ్మబుద్ధి కాలేదు.

చీకట్లో చదవడానికి తెర అంచుల్లో చిన్న ఎల్‌ఈడీలు ఉంటాయి. అవి వెనక నుంచి కాకుండా తెర మీదుగా వెలుగు పరుస్తాయి. నా మొదటిదాంట్లో ఆ వెలుగు తెల్లగా, కొంచెం నీలంగా ఉండేది. ఇప్పటిదాంట్లో పసుపు వైపుకు మార్చుకోవచ్చు. రాత్రి పదకొండు దాటాక చదివే అలవాటున్నవాళ్లు ఈ పసుపు వెలుగు లేనిదాన్ని తీసుకోవద్దు. అది ఉన్నా లేనట్టే అనుకున్నాను గానీ, అలవాటయ్యాక పాత తెల్ల వెలుగును భరించలేకపోయాను.

ఇక అసలు సుఖం. ఫోన్‌లో పుస్తకం తెరిస్తే నాలుగు పేజీలకే ఏదో ఒక మెసేజ్ వచ్చేది. అది చూసి మళ్లీ పుస్తకంలోకి వచ్చేసరికి ఎక్కడున్నానో మర్చిపోయేదాన్ని. ఈ-రీడర్‌లో అటువంటి గొడవ లేదు. దీనికి పుస్తకం చూపించడం తప్ప ఇంకో పని సరిగ్గా రాదు. బ్రౌజర్ ఉంది గానీ ఎంత నెమ్మదంటే రెండోసారి తెరవబుద్ధి కాదు. ఆ నెమ్మదితనమే నన్ను కాపాడిందని నా నమ్మకం. అరగంట చదువుదామని పడుకుంటే గంటన్నర గడిచిపోయిన రాత్రులు మళ్లీ వచ్చాయి. నా చిన్నప్పటి చదువు అలాంటిది. అది పోయిందనుకున్నాను, పోలేదు.

పడుకుని చదవడమంటే గుర్తొచ్చింది. తొమ్మిది వందల పేజీల నవలను పక్కకు తిరిగి పడుకుని ఒంటి చేత్తో చదవడం కాగితం పుస్తకంతో అయ్యే పని కాదు. మణికట్టు లాగేస్తుంది, కింది పేజీ చదివేటప్పుడు పుస్తకం మూసుకుపోతుంది. ఇది రెండు వందల గ్రాములకు మించదు. బొటనవేలితో పక్కన బటన్ నొక్కితే పేజీ తిరుగుతుంది. బటన్ గురించి గట్టిగా చెబుతున్నాను. నా మొదటిదానికి బటన్లు లేవు, తెర తాకితేనే పేజీ తిరిగేది. దుప్పటి అంచు తగిలినా, చెయ్యి కాస్త జారినా మూడు పేజీలు ముందుకు పోయేది. ఏది చదివానో ఏది చదవలేదో వెతుక్కోవడంతో నిద్రమత్తు వదిలిపోయేది.

నాకంటే దీనివల్ల ఎక్కువ మేలు జరిగింది మా అమ్మకి. అమ్మ ఒకప్పుడు వారపత్రికల్లో సీరియళ్లు వదలకుండా చదివేది. చూపు తగ్గాక అచ్చు అక్షరం కనబడక చదవడం మానేసింది. భూతద్దం తెచ్చిచ్చాను. ఒక్కో లైను జరుపుకుంటూ చదివితే కథ ఎక్కడుంటుందే అంది. ఒకరోజు నా ఈ-రీడర్‌లో ఒక తెలుగు నవల తెరిచి అక్షరం సైజు పెంచి ఇచ్చాను. "ఇంకొంచెం పెద్దది చెయ్యవే" అంది. పెంచాను. "ఇంకొంచెం." చివరికి ఒక లైనుకి మూడు మాటలు, పేజీకి తొమ్మిది లైన్లు పట్టే దగ్గర ఆగాం. అమ్మ కళ్లజోడు సవరించుకుని మొదటి పేరా పైకే చదివింది. తర్వాత పెదాలు కదిలాయి గానీ గొంతు వినిపించలేదు. ఆ తర్వాత పెదాలు కూడా ఆగిపోయాయి. మౌనంగా చదువుకుంటోంది. నేను లేచి పక్క గదిలోకి వెళ్లిపోయాను, కదిపితే ఆపేస్తుందేమోనని.

పెద్ద అక్షరాల పుస్తకాలు అచ్చులో ఎన్ని దొరుకుతాయి? ఇందులో ఉన్న ప్రతి పుస్తకమూ పెద్ద అక్షరాల పుస్తకమే. ఇంట్లో చూపు తగ్గి చదువు మానేసిన పెద్దవాళ్లుంటే, మిగతా సమీక్ష వదిలేసి ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు తెలుగు. ఇక్కడ విసుగు మొదలవుతుంది. మొదటి పరికరంలో తొలిసారి తెలుగు పుస్తకం తెరిచినప్పుడు "స్త్రీ" అన్న మాట మూడు ముక్కలై కనిపించింది: పొల్లు సకారం, పొల్లు తకారం, పక్కన "రీ". తెరమీద ఒక్క అక్షరంగా కనిపించే "స్త్రీ" నిజానికి యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు అక్షరాలకు వాడే సంకేతాల పట్టికలో, ఆరు సంకేతాలు. వాటిని కలిపి, ఒత్తుల్ని కిందికి దింపి, గుణింతాన్ని పైన పెట్టే పని సాఫ్ట్‌వేర్ చెయ్యాలి. మంచి ఫాంటు ఒక్కటి వేసుకుంటే చాలదు, ఆ కలపడం రానిదానికి ఏ ఫాంటు ఇచ్చినా ముక్కలే చూపిస్తుంది. రెండేళ్లకు ఒక అప్‌డేట్ వచ్చాకే అది సరిగ్గా చూపించడం మొదలుపెట్టింది. ఈలోగా ఎన్ని పుస్తకాలు తెరిచి మూసేశానో. ఇప్పటిదాంట్లో ఆ బాధ లేదు. నోటో సెరిఫ్ తెలుగు ఫాంటు ఎక్కించుకున్నాను, లైన్ల మధ్య ఎడం రెండు మెట్లు పెంచాను. మనకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కదా, ఇంగ్లీషుకు పెట్టిన ఎడం తెలుగుకు ఇరుకవుతుంది. పై లైను ఒత్తు కింది లైను తలకట్టుకు తగులుతుంటే రెండు పేజీలకే కన్ను అలసిపోతుంది. కొనేముందు వీలైతే మీ తెలుగు ఫైలు ఒకటి అందులో వేసి చూడండి. "స్త్రీ", "రాష్ట్రం", "జ్యోత్స్న" సరిగ్గా కనిపిస్తే మిగతావన్నీ కనిపిస్తాయి.

ఇంగ్లీషు పుస్తకం చదివేటప్పుడు మాట మీద వేలు పెట్టి నొక్కితే అర్థం వస్తుంది. నాకు ఈ పరికరంలో అన్నిటికన్నా ఇష్టమైన సదుపాయం ఇదే. లేచి నిఘంటువు తీసే బద్ధకంతో వదిలేసిన మాటలు జీవితమంతా ఎన్నో ఉంటాయి. ఇప్పుడు ఒక్కటీ వదలను. తెలుగుకూ అలాంటి నిఘంటువు ఫైలు ఒకటి సంపాదించి వేసుకున్నాను, పనిచేసింది సగమే. "ఇంట్లో" అని నొక్కితే దొరకదు, నిఘంటువులో ఉన్నది "ఇల్లు". "కళ్లలో" నొక్కితే దొరకదు, ఉన్నది "కన్ను". "వేళ్లు" అని ఉంటే అది వేలుకు బహువచనమో వేరుకు బహువచనమో వాక్యం చూస్తే తప్ప తెలియదు. మన మాటలు విభక్తులతో సంధులతో అంత మారిపోతాయి. మూలం పట్టుకోగలిగే నిఘంటువు తెలుగుకు ఈ చిన్న పరికరంలో వచ్చిన రోజున పండగ చేసుకుంటాను.

పాత తెలుగు పుస్తకాలు నెట్‌లో దొరికేవి ఎక్కువగా స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. అంటే అక్షరాలు కావు, పేజీల ఫొటోలు. ఆరంగుళాల తెరలో ఆ పేజీ మొత్తం పట్టిస్తే అక్షరం చీమంత. పెద్దది చేస్తే కుడి ఎడమలు జరుపుకోవాలి, జరిపిన ప్రతిసారీ తెర బరబరా మారుతుంది. మార్జిన్లు కత్తిరించి, తెరను అడ్డంగా తిప్పి, సగం సగం పేజీ చదువుతూ పన్నెండో పదమూడో పూర్తి చేశాను, అన్నీ మొండి పట్టుదల మీదే. వికీసోర్స్ అనే ఉచిత పుస్తకాల వెబ్‌సైట్‌లో ఎవరో ఓపిగ్గా టైపు చేసి, సరిచూసి పెట్టిన పుస్తకాలున్నాయి. వాటిని ఈపబ్‌గా, అంటే అక్షరం సైజు మార్చుకోగలిగే ఈ-పుస్తకం ఫైలుగా దింపుకుంటే అమృతంలా ఉంటాయి. ఆ పని చేసినవాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి.

మొదట్లో వెనక్కీ ముందుకీ అన్నాను కదా, అది వివరిస్తాను. కాగితం పుస్తకంలో చదివిన మాట ఎక్కడుందో నాకు చోటుగా గుర్తుంటుంది. ఎడమ పేజీ, కింది వైపు, పుస్తకం మూడోవంతు దగ్గర. బొటనవేలితో పేజీలు జారవిడిస్తే దొరికేస్తుంది. ఇక్కడ ఎడమ లేదు, కుడి లేదు, మందం లేదు. కింద "41%" అని ఉంటుంది, అంతే. అక్షరం సైజు మారిస్తే నిన్నటి పేజీ ఇవాళ ఇంకో చోటుకు పోతుంది. పెద్ద చరిత్ర పుస్తకం ఒకటి ఇందులో మొదలుపెట్టాను. మొదట్లోనే వంశవృక్షం, ఒక పటం ఉన్నాయి. ఏ రాజు ఎవరి తమ్ముడో చూడ్డానికి వెనక్కి వెళ్లడం, పటం పెద్దది చెయ్యడం, అది మసకగా కనిపించడం, మళ్లీ ముందుకొచ్చి లైను వెతుక్కోవడం. వంద పేజీలకే ఓపిక చచ్చి అచ్చు పుస్తకం కొనుక్కున్నాను. ఒకే పుస్తకానికి రెండుసార్లు డబ్బు పెట్టినందుకు బాధ లేదు గానీ, ఆ వంద పేజీలు ఏమీ బుర్రకెక్కలేదని అచ్చులో చదివినప్పుడు తెలిసింది.

అన్నట్టు, అప్పుడప్పుడూ తెర ఒక్కసారి నల్లబడి మళ్లీ వెలుగుతుంది. పాత పేజీ అక్షరాల నీడ మిగిలిపోకుండా అన్ని రేణువుల్నీ ఒకసారి అటూ ఇటూ కదిలించడం అది. వారం తర్వాత గమనించడం కూడా మానేస్తారు.

కొన్న పుస్తకం మనదేనా అన్న ప్రశ్న మాత్రం ఏడేళ్లయినా నన్ను వదల్లేదు. 2009లో అమెజాన్ తాను అమ్మిన కొన్ని పుస్తకాలను హక్కుల గొడవ వల్ల పాఠకుల కిండిల్ ఈ-రీడర్లలోంచి దూరం నుంచే తీసేసి, తర్వాత క్షమాపణ చెప్పింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు డబ్బు వెనక్కిచ్చింది, పుస్తకాలు మాత్రం పోయాయి. నాకు అంత పెద్ద నష్టమేమీ జరగలేదు. ఒక నవల ముఖచిత్రం మాత్రం రాత్రికి రాత్రి మారిపోయింది. దాన్ని సినిమాగా తీశారు, దుకాణం వాళ్లు పాత బొమ్మ తీసేసి సినిమా పోస్టరు పెట్టారు. నేను ఇష్టపడి కొన్న బొమ్మ నన్నడగకుండా పోయింది. చిన్న విషయమే, కానీ నా అలమరాలోని పుస్తకం అట్టను ఎవరో వచ్చి మార్చి వెళ్లినట్టు అనిపించింది. చదివి నచ్చిన పుస్తకాన్ని "ఇది చదువు" అని స్నేహితురాలి చేతిలో పెట్టే వీలు కూడా లేదు. అప్పటి నుంచి కాపీ చేసుకోనివ్వని తాళం లేని ఈపబ్‌లు అమ్మే చోట దొరికితే అక్కడే కొంటున్నాను, కేలిబర్ అనే ఈ-పుస్తకాల సాఫ్ట్‌వేర్‌లో సర్దుకుని హార్డ్ డిస్క్‌లో ఇంకో కాపీ పెట్టుకుంటున్నాను.

మొదటిది పగిలిన సంగతి. కింద పడలేదు. పలచటి గుడ్డ కవరులో పెట్టి బ్యాగులో వేశాను, పక్కనే తాళాలగుత్తి ఉంది, పైన ఎవరిదో బరువైన సంచి ఆనింది. తీసి చూస్తే పైన ఒక్క గీత లేదు, తెర సగం మాత్రం చారలు చారలుగా నిలిచిపోయింది. పైన కనిపించేది ప్లాస్టిక్ పొర, దాని వెనక ట్రాన్సిస్టర్లు పరిచిన పలచటి గాజు ఉంటుంది, పగిలింది అది. కంపెనీకి రాస్తే వారంటీలోకి రాదన్నారు, తెర మార్చే ఖర్చు కొత్తదానికి దగ్గరగా ఉంది. పగిలిన తెర మీద నేను ఆఖరున చదివిన పేజీ పైసగం నెలల తరబడి అలాగే ఉండిపోయింది. పారెయ్యలేక అల్మరాలో పెట్టాను. గట్టి అట్ట ఉన్న కవరు మొదటి రోజే కొనండి.

బ్యాటరీ మూడు వారాలు వచ్చేది, ఇప్పుడు పది రోజులు వస్తోంది. మూడేళ్లకు అది మామూలే. గీతలు పెట్టుకున్న వాక్యాలన్నీ ఒక ఫైల్లో చేరతాయి, అప్పుడప్పుడూ కంప్యూటర్లో తెరిచి చదువుకుంటాను. నోట్సు టైపు చెయ్యడం మాత్రం వదిలేశాను, నొక్కిన అక్షరం తెరమీదకు వచ్చేలోపు ఆలోచన జారిపోతుంది.

సాయంత్రాలు ఇది అమ్మ దగ్గరే ఉంటోంది. ఆ సీరియళ్ల కాలం నాటి నవల ఒకటి ఈపబ్‌గా దొరికితే వేసిచ్చాను, నిన్నటికి 62% దగ్గరుంది. నేను నా పుస్తకం తెరిచినప్పుడల్లా "నాది పోదు కదా" అని అడుగుతుంది. పోదమ్మా అని చూపిస్తాను. ఇంకొకటి కొనాలి, ఏడంగుళాలది, పక్కన బటన్లున్నది. అది అమ్మకిచ్చి దీన్ని నేను తీసుకుంటాను.