శనివారం లండన్ పేపర్లు: కొనేముందు ఓనరెవరో చూసుకోండి

విజయవాడలో ఓ తెలుగు దినపత్రిక డెస్కులో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవాళ్లు "శనివారం ఏ పేపరు కొనమంటారు మాస్టారూ" అని అడుగుతుంటారు. అందుకే ఈ రివ్యూ.

ముందు టైమ్స్. పేపరు చేతికి రాగానే నేను బ్యానర్ చూడను, ఇంప్రింట్ లైను, అంటే పత్రికను ప్రచురించేదెవరో చెప్పే లైను, వెతుకుతాను. అద్దం పెట్టి చూడాల్సినంత చిన్న అక్షరాల్లో కంపెనీ పేరు, 1 లండన్ బ్రిడ్జ్ స్ట్రీట్ అడ్రసు ఉంటాయి. అసలు ఓనరు రూపర్ట్ మర్డోక్ పేరు మాత్రం ఉండదు. ఆయన ఆస్ట్రేలియాలో పుట్టి, 1969లో సన్ పత్రికను, 1981లో టైమ్స్‌ను కొన్నారు. అమెరికాలో టీవీ స్టేషన్లు కొనాలంటే అక్కడి పౌరుడై ఉండాలి కాబట్టి 1985లో అమెరికన్ అయిపోయారు. 2023లో పగ్గాలు కొడుకు లాక్లన్‌కు అప్పగించారు.

సరుకు మాత్రం ఫస్ట్ క్లాస్. ముఖ్యంగా సంతాప పేజీలు. రాసినవాళ్ల పేరు వేయరు. పోయిన మనిషి గొప్పతనంతోపాటు తాగుడు, మూడో పెళ్లి, చేసిన అప్పులు కూడా మర్యాదగానే రాసేస్తారు. మన దగ్గర సంతాప వార్త 'తీరని లోటు'తో మొదలై 'తీరని లోటు'తోనే ముగుస్తుంది. పాఠకుల ఉత్తరాల పేజీ కూడా వదలకుండా చదవదగ్గది.

అదే ఇంటి నుంచి వచ్చే రెండో సరుకు సన్. 1992 ఎన్నికల రోజున మొదటి పేజీలో లేబర్ నాయకుడు కినక్ తలను కరెంటు బల్బులో పెట్టి, ఈయన గెలిస్తే దేశం వదిలి వెళ్లే చివరివాళ్లు లైట్లు ఆర్పి వెళ్లండి అని వేశారు. కన్జర్వేటివ్‌లు గెలిచారు. రెండు రోజులకు, గెలిపించింది సన్నే అని మళ్లీ మొదటి పేజీలోనే చెప్పుకున్నారు. హెడ్డింగు పెట్టే పనిలో తలపండినవాణ్ని కాబట్టి చెబుతున్నా, పనితనం అమోఘం. పత్రిక పని అదేనా అంటే కాదు. 2012లో పత్రికల తీరుపై జరిగిన లెవిసన్ విచారణలో మర్డోక్ కూడా ఆ రెండో హెడ్డింగును తప్పుబట్టారు. రాజకీయ నాయకులకు తన అభిప్రాయం కావాలంటే సన్ సంపాదకీయం చదువుకుంటే చాలని కూడా అక్కడే అన్నారు. ఆ విచారణలోనే కన్జర్వేటివ్ మాజీ ప్రధాని జాన్ మేజర్, 1997 ఎన్నికల ముందు భోజనానికి పిలిస్తే మర్డోక్ తమ యూరప్ విధానం మార్చుకోమన్నారని, లేకపోతే తన పత్రికల మద్దతు ఉండదన్నారని ప్రమాణం చేసి చెప్పారు. ఆ ఏడాది సన్ లేబర్ నాయకుడు బ్లెయిర్ వైపు తిరిగింది.

2016 బ్రెగ్జిట్ రెఫరెండంలో టైమ్స్ యూరప్‌లోనే ఉందామంది, సన్ బయటికి పోదామంది. ఇద్దరు కొడుకుల్ని రెండు పార్టీల్లో పెట్టిన మోతుబరి లెక్క. ఎవరు గెలిచినా ఇంటికి నష్టం లేదు. ఓనరు రోజూ ఫోన్ చేసి హెడ్డింగులు పెట్టిస్తాడనుకోకండి. నా సర్వీసులో ఏ ఓనరూ నాకు ఫోన్ చేయలేదు, అవసరమూ రాలేదు. ఏది మెయిన్ ఫస్ట్ పేజీలో పడాలో, ఏది లోపల సింగిల్ కాలమ్‌లో పోవాలో డెస్కుకు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

వ్యాపార పత్రిక ఫైనాన్షియల్ టైమ్స్ (ఎఫ్‌టీ)ను 2015లో జపాన్ కంపెనీ నిక్కీ 844 మిలియన్ పౌండ్లకు కొన్నది. గులాబీ కాగితం, రంగూ హుందాతనమూ అలాగే ఉన్నాయి. దీని వీకెండ్ సంచికలో పుస్తకాల పేజీలు, ఎవరో ఒకరిని భోజనానికి తీసుకెళ్లి బిల్లుతో సహా అచ్చేసే ఇంటర్వ్యూ నాకు ఇష్టం. విదేశీ ఓనరే. కానీ లండన్‌లో ఏ పార్టీ గద్దెనెక్కాలన్న యావ నాకు ఈ పేజీల్లో కనపడలేదు.

టెలిగ్రాఫ్ సంగతి వేరే కథ. 2023లో దాని ఓనర్లు బార్క్లే కుటుంబం అప్పు తీర్చలేకపోతే బ్యాంకు పత్రికను స్వాధీనం చేసుకుంది. అబుదాబి డబ్బున్న కంపెనీ ఆ అప్పు తీర్చి పత్రికను తీసుకోబోయింది. టెలిగ్రాఫ్‌లో రాసే చార్లెస్ మూర్ లాంటివాళ్లే బాహాటంగా వ్యతిరేకించారు. కొనబోయేవాడిని కాలమిస్టు ఎదిరించడం నేను మన దగ్గర ఊహించను కూడా లేను. 2024లో విదేశీ ప్రభుత్వాలు పత్రికలు కొనకుండా చట్టం తెచ్చారు. మరుసటి ఏడాదే 15 శాతం వరకు పర్వాలేదని సడలించారు. అంతమాత్రాన స్వదేశీ ఓనరు పుణ్యాత్ముడని కాదు. అదే టెలిగ్రాఫ్ బార్క్లేల చేతిలో ఉన్నప్పుడు, 2015లో, ప్రకటనల కోసం హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు వార్తలు తొక్కిపెడుతున్నారని ఆరోపిస్తూ అక్కడి కాలమిస్టు పీటర్ ఒబోర్న్ రాజీనామా చేశారు. యాజమాన్యం కాదంది.

మన దేశంలో పత్రికల్లోకి విదేశీ పెట్టుబడి రాకుండా 1955లో మూసిన తలుపును 2002లో 26 శాతం వరకు తెరిచారు. 2007లో ఈనాడు మాతృసంస్థ ఉషోదయలో ఆ 26 శాతం కొంటామని అమెరికా కంపెనీ బ్లాక్‌స్టోన్ ముందుకొచ్చినప్పుడు తెలుగు డెస్కుల్లో చాన్నాళ్లు అవే కబుర్లు. చివరికి ఆ డీల్ కుదరలేదు.

సరే, మార్కులు. ఎఫ్‌టీ వీకెండ్‌కు 5కి 4.5. టైమ్స్‌కు 4, ఓనరు వ్యాపారాలు తగిలే వార్త ఉన్న రోజు 3. టెలిగ్రాఫ్‌కు 3, క్రికెట్ పేజీల పుణ్యాన. సన్‌కు హెడ్డింగుల కోసం 1. శనివారం ధర మామూలు రోజు కంటే ఎక్కువ కాబట్టి డబ్బులిచ్చేముందు సప్లిమెంట్లన్నీ లోపల ఉన్నాయో లేదో విప్పి చూసుకోండి. మా వీధి చివరి షాపాయన మ్యాగజైన్లు విడిగా కట్టపెట్టి కౌంటర్ కింద మర్చిపోతుంటాడు. అడిగితే "సారీ అంకుల్" అని తీసిస్తాడు.