ఆర్-12 గ్యాస్: పాతికేళ్ల వాడకం తర్వాత ఒక ఫ్రిజ్ మెకానిక్ మాట

అనంతపురంలో నేను ఫ్రిజ్ రిపేర్ల పనిలో దిగింది 1988లో. అప్పట్లో ఫ్రిజ్‌ను చల్లబరిచే గ్యాస్ అంటే ఆర్-12 ఒక్కటే. పనిచేసే చేతికి ఇంత మర్యాదైన గ్యాస్ మళ్లీ తగల్లేదు, ఆ మాట ముందే ఒప్పుకుంటాను.

వాసన లేదు, అంటుకోదు, కంప్రెసర్‌లో ఉండే మామూలు మినరల్ ఆయిల్‌తో ఇట్టే కలిసిపోతుంది. తర్వాత వచ్చిన 134ఏ గ్యాస్‌కు వేసే ఆయిల్ అయితే మూత తీసి పెట్టినా చాలు, గాల్లో తేమంతా పీల్చేస్తుంది. ఆర్-12కు ఆ టెన్షన్ లేదు. పాతూరులో ఒక సోడా షాపు ఫ్రిజ్, మే నెల ఎండల్లో, ఊగిసలాడే ఓల్టేజీ మీద, ఒకసారి పట్టిన గ్యాస్‌తోనే 19 ఏళ్లు నడిచింది. నేను మార్చింది తలుపు రబ్బరు మాత్రమే.

'విషం కాదు, భయపడొద్దు' అని మా మేస్త్రీ అనేవాడు. అందులో సగమే నిజం. ఇది గాలికి నాలుగు రెట్లు బరువు. మూసిన గదిలో లీకైతే నేల మీదే పరుచుకుని, మనం పీల్చే గాలిని పక్కకు నెట్టేస్తుంది. బాగా ఎక్కువ పీలిస్తే గుండె లయే తప్పొచ్చు. ద్రవంగా చేతి మీద పడితే చర్మం కాలినట్టు గడ్డకడుతుంది. నా బొటనవేలి మీద మచ్చ ఇంకా ఉంది. అన్నిటికన్నా చెడ్డది మంట తగిలినప్పుడు. కిటికీ లేని గోడౌన్‌లో ఒకసారి, లైన్‌లో గ్యాస్ మిగిలి ఉందని చూసుకోకుండా పైపులు మంటతో అతికే బ్రేజింగ్ మొదలుపెట్టాను. మంట ఆకుపచ్చగా మారింది, కళ్లు మండాయి, గొంతు పట్టేసింది. ఆ వేడికి అది విరిగి యాసిడ్ ఆవిరులు, కొద్దిగా ఫాస్జీన్ అనే విషవాయువు కూడా పుడతాయని తర్వాత తెలిసింది. బయటికి పరిగెత్తాను కాబట్టి సరిపోయింది.

అయినా నన్ను ఇప్పటికీ తొలిచేది ఆ గోడౌన్ కాదు. కంప్రెసర్ మార్చాలంటే పైపు కోసేసి గ్యాస్ గాలికి వదిలేవాళ్లం. బుస్సుమని ఒక నిమిషం, అంతే. కనపడదు, కంపు కొట్టదు, ఎవరూ అడగరు. అది వందేళ్ల దాకా గాల్లో ఉంటుందనీ, పైకి చేరాక ఎండలోని అతినీలలోహిత కిరణాలకు విరిగి క్లోరిన్ వదులుతుందనీ, ఒక్క క్లోరిన్ పరమాణువు లక్ష ఓజోన్ అణువుల దాకా తినేయగలదనీ మెకానిక్‌లకు పెట్టిన ట్రైనింగ్‌లో విన్నాను. ఆ కిరణాలకు అడ్డుగా ఉండే ఓజోన్ పొర పలచబడితే కిందికి దిగే కిరణాలతో చర్మ క్యాన్సర్, కంట్లో శుక్లాలు పెరుగుతాయట. ఓజోన్‌కు ఈ ముప్పుందని మోలినా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు 1974లోనే చెప్పారు. నేను పానా పట్టకముందే అన్నమాట! భూమిని వేడెక్కించే లెక్కలో కూడా ఇది కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు పదకొండు వేల రెట్లు. ఒక ఫ్రిజ్‌లోని 120 గ్రాములు వదిలితే సుమారు 1.3 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. నేను వదిలిన ఫ్రిజ్‌లు ఎన్నో లెక్కేయడం మొదలుపెట్టి ఆపేశాను.

ఓజోన్‌ను కాపాడేందుకు దేశాలు చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం 1987లో కుదిరితే, మన దేశం 1992లో చేరింది, 2010 నాటికి ఈ గ్యాస్ తయారీ ఆగింది. చివరి రోజుల్లో సిలిండర్ ధర చూస్తే కళ్లు తిరిగేవి, కల్తీ సరుకూ తగిలింది. ఇప్పుడు కొత్త ఫ్రిజ్‌ల్లో ఎక్కువగా 600ఏ అనే గ్యాస్ వస్తోంది. ఓజోన్ జోలికి పోదు, వేడి లెక్కా బహు తక్కువ, కానీ అంటుకుంటుంది, నిప్పు దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

మొన్న ఒకాయన 1993 నాటి ఫ్రిజ్ ఆటోలో వేసుకొచ్చి, "అన్నా, పాత గ్యాసే పట్టు, ఎంతైనా ఇస్తా" అన్నాడు. లేదన్నాను. లోపల మిగిలిన గ్యాస్‌ను సిలిండర్‌లోకి లాగి, ఫ్రిజ్ పాత ఇనుముకు పంపేశాం. ఆ సిలిండర్ నా బల్ల కిందే ఉంది, వాల్వ్ గట్టిగా బిగించి.