మల్టీపాత్‌లో పాత్‌లన్నీ పోతే: కొన్నేళ్ల వాడకం తర్వాత

లినక్స్ డివైస్ మ్యాపర్ మల్టీపాత్‌ను కొన్నేళ్లుగా డేటాబేస్ సర్వర్ల మీద వాడుతున్నాను. సర్వర్ నుంచి స్టోరేజ్‌కు ఉన్న దారులన్నిటినీ (పాత్‌లను) కలిపి ఒకే డిస్కుగా చూపించేది ఇది. రెండు ఫైబర్ ఛానల్ కార్డులు, రెండు స్విచ్‌లు, స్టోరేజ్‌లో రెండు కంట్రోలర్లు, ఒక్కో లన్‌కు (స్టోరేజ్ ఇచ్చే డిస్కుకు) నాలుగు పాత్‌లు. అందులో ఒకటో రెండో పోతే దీనికి వంక పెట్టలేం. స్విచ్ ఫర్మ్‌వేర్ మార్చేటప్పుడు సగం పాత్‌లు పడిపోతాయి, లాగ్‌లో 'రిమైనింగ్ యాక్టివ్ పాత్స్: 2' అని వస్తుంది, డేటాబేస్ కాసేపు తడబడి మళ్లీ అందుకుంటుంది. స్విచ్ లేవగానే పాత్‌లు వాటంతటవే తిరిగొస్తాయి.

నాలుగూ ఒకేసారి పోయినప్పుడే అసలు పరీక్ష. అప్పుడేం చేయాలో నో_పాత్_రీట్రై అనే సెట్టింగ్ చెబుతుంది. 'ఫెయిల్' అంటే వెంటనే ఎర్రర్. 'క్యూ' అంటే పాత్ వచ్చేదాకా రిక్వెస్టులన్నీ లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర బళ్లలా ఆగిపోతాయి. ఆ రైలు ఎప్పటికీ రాకపోతే? మా టెస్ట్ సర్వర్ నుంచి ఒక లన్‌ను స్టోరేజ్ వైపు ముందే తీసేశారు. పీవీఎస్ (డిస్కుల జాబితా చూపే కమాండ్) కొడితే టెర్మినల్ అలాగే బిగుసుకుపోయింది. ప్రాసెస్‌లన్నీ 'డి' స్టేట్‌లో (డిస్క్ జవాబు కోసం ఆగిపోయి), కిల్ -9 కొట్టినా చావవు. సీపీయూ ఖాళీగానే ఉంది, లోడ్ యావరేజ్ మాత్రం ఎక్కుతూ పోయింది. 'డీఎంసెటప్ మెసేజ్ ఎంపాత్‌సీ 0 ఫెయిల్_ఇఫ్_నో_పాత్' (ఎంపాత్‌సీ ఆ లన్ పేరు) అని ఇచ్చాక ఆగినవన్నీ ఎర్రర్‌తో బయటపడ్డాయి. రీబూట్ తప్పింది.

అందుకే నేను నో_పాత్_రీట్రైలో అంకె పెడతాను. పోలింగ్ (పాత్‌లను చెక్ చేసే వ్యవధి) 5 సెకన్లు, రీట్రై 12, అంటే దాదాపు నిమిషం ఓపిక పడుతుంది, ఆ తర్వాత ఎర్రర్ ఇచ్చేస్తుంది. కంట్రోలర్ మారడానికి మా స్టోరేజ్‌కు అది చాలు. క్లస్టర్‌లో ఏ నోడ్ (సర్వర్) కొనసాగాలో తేల్చే ఓటింగ్ డిస్కులకు మాత్రం 'ఫెయిల్'. అక్కడ నోడ్ వేలాడుతూ ఉండటం కన్నా పక్కకు తప్పుకోవడమే నయం.

నాకు చిరాకు తెప్పించేది కాన్ఫిగ్ ఫైలు. డిఫాల్ట్స్ సెక్షన్‌లో ఎంత రాసినా, మీ స్టోరేజ్ మోడల్‌కు లోపల ముందే రాసిపెట్టిన సెట్టింగ్ ఉంటే అదే గెలుస్తుంది. ఓవర్‌రైడ్స్ సెక్షన్‌లో రాస్తే దాన్ని దాటుతుంది. పాత్‌ల స్థితి చూపే 'మల్టీపాత్ -ఎల్ఎల్' కమాండ్ ఇంకా గందరగోళం. అంకె పెట్టినా, 'క్యూ' పెట్టినట్టే ఫీచర్స్ దగ్గర క్యూ_ఇఫ్_నో_పాత్ అనే చూపిస్తుంది. అది చూసి కంగారు పడకుండా 'మల్టీపాత్‌డీ షో కాన్ఫిగ్' చూడండి.

పూర్తిగా చచ్చిన పాత్ కన్నా సగం చచ్చినది ప్రమాదం. ఎస్‌ఎఫ్‌పీ (ఫైబర్ కేబుల్ తగిలించే మాడ్యూల్) బలహీనపడితే, పాత్‌ను పరీక్షించే చెకర్ పంపే చిన్న కమాండ్ పాసైపోతుంది, పెద్ద రైట్లు మాత్రం పడిపోతాయి. పాత్ పోతూ వస్తూ ఉంటుంది, వచ్చిన ప్రతిసారీ మల్టీపాత్ దాన్ని నమ్ముతుంది. ఇలాంటి పాత్‌లను పక్కన పెట్టే మార్జినల్_పాత్ సెట్టింగులు ఉన్నాయి కానీ, మనం ఆన్ చేస్తే తప్ప పనిచేయవు. విలువలు కూడా మన స్టోరేజ్‌ను చూసి మనమే తేల్చుకోవాలి.